రెండు ఒత్తులు

జనవరి ఇరవై, మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మిర్యాలగూడ స్కూల్ నుంచి ముత్తమ్మకు ఫోన్ వచ్చింది. బిడ్డ ప్రోగ్రెస్ కార్డు మీది సంతకాల గురించి మాట్లాడాలి, రేపు పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ సార్ రమ్మన్నారని చెప్పారు.

అప్పుడు ముత్తమ్మ త్రిపురారం దాటి కాలువ కింద ప్రభాకర్ పొలంలో నాటు వేస్తోంది. ఫోన్ ఒడ్డు మీద సద్ది సంచిలో ఉంది. రెండు చేతులకూ మోచేతుల దాకా బురద ఉండడంతో సైదమ్మ చేతులు కడుక్కొని ఫోన్ తీసి ముత్తమ్మ చెవి దగ్గర పెట్టింది. మాట్లాడినంతసేపూ ముత్తమ్మ ఎడమచేతిలో నారు కట్ట అట్లాగే ఉంది.

"ఎవలే?" అంది సైదమ్మ.

"బడి నుంచి. సుమిత్ర మేడం. రేపు రమ్మంటున్నరు."

"పిల్ల పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉందట. సంతకాలట."

"సంతకాలకు నువ్వెందుకే? నువ్వేమన్న ఎమ్మార్వోవా?"

వరుసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. పన్నెండు మంది ఉన్నారు. పని గుత్తకు పట్టింది సైదమ్మ. ఒకరు రాకపోతే ఆ సాలు మిగతా వాళ్లు పంచుకొని వేయాలి.

"రేపు నీ సాలు ఎవలు నాటాలె మరి?"

"పొద్దుగాల ఆరింటికే వస్త. నా వంతు నాటే పోత."

ప్రభాకర్ ఒడ్డు మీద బండి ఆపి నీళ్ల మడవ చూస్తున్నాడు. ఆయనకు త్రిపురారంలో పొలం, మిర్యాలగూడలో ఇల్లు ఉన్నాయి. ఆయన కూతురు మనస్వినిది, ముత్తమ్మ కూతురు జ్యోత్స్నది ఒకే క్లాసు, ఎనిమిది.

"పరీక్ష ముచ్చటే అయి ఉంటది ముత్తమ్మా," అన్నాడు. "బడికి పదిమందినే పంపుతరు గద. నీ బిడ్డది రెండో పేరు. మా దాన్ది ఏడు."

"గా సూర్యాపేట పరీక్షనా పటేలా?"

"అదే. ఆదివారం. పాసైతే హైదరాబాద్‌ల హాస్టల్, ఇంటర్ దాంక వాళ్లే సదివిస్తరు. ఎనిమిదోళ్లకే పెడ్తరు. తప్పితే మల్ల ఉండది."

ముత్తమ్మ కట్టలోంచి మూడు పిలకలు విడదీసి బురదలోకి గుచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ మూడు పిలకలు గుచ్చింది.

జ్యోత్స్న సాయంత్రం ఆరున్నరకు బస్సు దిగింది. బ్యాగు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కొని తల్లి పక్కన కూర్చుంది. ముత్తమ్మ పొయ్యి ముందు ఉల్లిగడ్డ కోస్తోంది. తండ్రి పెంటయ్య రైసుమిల్లులో హమాలీ. అప్పుడే వచ్చి భుజం మీది తువ్వాల దులుపుతున్నాడు.

"మేడం ఈరోజు నన్ను అడిగింది," అంది జ్యోత్స్న. "పరీక్ష ఫారాలకు కార్డు జిరాక్స్ పెట్టాల్నంట. జిరాక్స్ తీస్తుంటే సూసిందంట. నాలుగు డబ్బాలల్ల నాలుగు తీర్లుగ ఉన్నయంట. నువ్వే పెట్టినవా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"మా అమ్మనే పెట్టింది అన్న."

"నిజమే గద. ఇగ భయమెందుకు?"

"ఆమె కార్డు ఇయ్యలే. దగ్గరనే పెట్టుకుంది."

జ్యోత్స్న వేలితో గచ్చు మీద నాలుగు గడులు గీసింది. మొదటి గడిలో, జూలైలో, నిశాని, అంటే వేలిముద్ర. రెండోది సెప్టెంబరులో. అందులో ముత్తమ్మ తన పేరు 'ముతమ' అని రాసింది. అప్పటికి ఒత్తులు రాలేదు. మూడోది దసరా తర్వాత. త ఒత్తు వచ్చింది, మ ఒత్తు రాలేదు. 'ముత్తమ' అని ఉంది. నాలుగోది నాలుగు రోజుల కిందిది. 'ముత్తమ్మ'.

పెంటయ్య వంగి చూశాడు.

"ఒక్క పెండ్లానికి మూడు పేర్లు. ఇండ్ల నేను చేసుకున్నది ఎవలినే?"

"నిశాని ఏసినదాన్ని చేసుకున్నవ్," అంది ముత్తమ్మ. "ఒత్తులున్నదాన్ని చేసుకునే మొకమేనా నీది?"

జ్యోత్స్న నవ్వింది. గచ్చు మీది గడులను అరచేత్తో తుడిచేసింది. గచ్చు మీద గీతలేవీ పడలేదు. అయినా తుడిచింది.

బుధవారం ముత్తమ్మ ఆరు గంటలకు పొలంలో దిగింది. తొమ్మిదింటికి తన సాలు పూర్తి చేసి కాలువ దగ్గరికి వెళ్లింది. ఇటుక ముక్కతో గోళ్లలోని బురద తీసింది. చీర మార్చుకుంది. బస్సులో ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. టికెట్టును కార్డుతో పాటు కవరులో పెట్టి, కవరును బొడ్లో దోపుకుంది.

పదకొండుకు పది నిమిషాల ముందు స్కూల్ చేరింది. అటెండర్ మంగయ్య బెంచీ చూపించాడు. పదకొండు ఇరవైకి లోపలికి పిలిచారు.

ప్రిన్సిపాల్ నాగేందర్ సొంతూరు కోదాడ. టేబుల్ మీద అద్దం, అద్దం కింద క్యాలెండర్, పక్కన రబ్బరు స్టాంపులు, ఇంకు ప్యాడు ఉన్నాయి. సుమిత్ర కిటికీ దగ్గర నిలబడి ఉంది. ప్రోగ్రెస్ కార్డు టేబుల్ మీద విప్పి ఉంది.

"కూర్చోమ్మా," అన్నాడు నాగేందర్.

ముత్తమ్మ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకొని నిలబడింది.

"ఈ సంతకాలు ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"నాలుగూ నువ్వేనా?"

"నాలుగూ నేనే."

"మరి ఒకదానికొకటి కలవట్లేదు కదమ్మా. ఇదేమో వేలిముద్ర. ఇది ముతమ. ఇది ముత్తమ. ఇది ముత్తమ్మ. ఇదిగో, వేరే పిల్లది చూడు." ఆయన ఇంకో కార్డు తెరిచాడు. నాలుగు గడుల్లోనూ ఒకే గిలుకు, చివర ఒకే గీత. "మనస్విని వాళ్ల నాన్న. నాలుగూ ఒకే రకంగా ఉన్నాయి. సంతకం అంటే ఇలా ఉండాలి."

"నాకు ఒత్తులు తర్వాత వచ్చినయ్ సార్."

"ఏం వచ్చాయి?"

"ఒత్తులు."

నాగేందర్ సుమిత్ర వైపు చూశాడు. సుమిత్ర కార్డు వైపు చూసింది.

"చూడమ్మా, నేను నీ మీద అనుమానపడట్లేదు. పిల్లలు ఇంట్లో భయపడి ఒక్కోసారి వాళ్లే పెట్టేస్తారు. ఈ పరీక్షకు పంపాలంటే పిల్ల నడవడిక బాగుందని నేను సర్టిఫికెట్ ఇవ్వాలి. రేపు ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పాలి. అందుకని ఇవి నీవేనని గట్టి రుజువు ఒకటి కావాలి. ఇదిగో, ఈ కాగితం మీద పెట్టు."

తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిపాడు.

ముత్తమ్మ పెన్ను తీసుకుంది. కాగితం సరిచేసుకుంది. పెన్ను మొన కాగితం దాకా వెళ్లి ఆగింది.

కిందటి సెప్టెంబరులో మహిళా సంఘం లోను కాగితాల మీద ఆమె 'ముతమ' అని రాసింది. బ్యాంకు ఆఫీసరు ఆ కాగితం చింపి కొత్తది ఇచ్చాడు. సంతకం ఎవరైనా పెడతారమ్మా, వేలిముద్ర అయితే నీది నీదే, దొంగతనం కుదరదు అన్నాడు. రేషన్ షాపులో వేలు పెడితేనే బియ్యం ఇస్తారు. మొన్న వార్డు మెంబరు ఇంటి జాబితా కోసం వచ్చినప్పుడు కూడా వేలే పెట్టమన్నాడు.

ఆమె పెన్ను కింద పెట్టింది.

"గట్టి రుజువే గావాల్నా సార్?"

"గట్టిదే కావాలి."

ముత్తమ్మ ఎడమచేతి బొటనవేలిని చీర కొంగుకు రెండుసార్లు తుడిచింది. ఇంకు ప్యాడు మూత తెరిచి వేలు అద్దింది. కాగితం మీద వేలిని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దొర్లించి లేపింది. కాగితాన్ని రెండు చేతులతో ఆయన వైపు తిప్పింది.

నాగేందర్ ఆ ముద్రను, కార్డును మార్చి మార్చి చూశాడు.

సుమిత్ర ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాగేందర్ ఇంగ్లీషులోనే జవాబు చెప్పాడు. ఆ మాటల్లో ముత్తమ్మకు 'మదర్' ఒక్కటి తెలిసింది. సుమిత్ర ఇంకో మాట అనబోయింది. నాగేందర్ తల అడ్డంగా ఊపి కార్డు మూసేశాడు.

"సరేనమ్మా. మాకు అర్థమైంది. నువ్వు వెళ్లి పని చూసుకో."

"అయిపోయిందా సార్?"

"అయిపోయింది. పాపను తిట్టొద్దు. కొట్టొద్దు."

ఎందుకు కొడతానని ముత్తమ్మ అనుకుంది. దండం పెట్టి బయటికి వచ్చింది. మంగయ్య చెంబుతో నీళ్లిచ్చాడు. తాగింది. మిగిలిన నీళ్లతో వేలు కడుక్కుంది. ఇంకు పోలేదు.

రెండు గంటలకు మళ్లీ పొలంలో దిగింది.

"ఏమన్నరే?" అంది సైదమ్మ.

"నిశాని ఏసిన. ఖతం."

సాయంత్రం జ్యోత్స్న ఇంటికి వచ్చి బ్యాగు తీయకుండా గడప మీద కూర్చుంది.

"లోపలికి రా. చాయ్ తాగు."

రాలేదు.

"ఏమైందే?"

"నా పేరు తీసేసిన్రు."

ముత్తమ్మ చేతిలో గంటె ఉంది. గిన్నె మీద పెట్టింది.

"ఎందుకు?"

"నీకు సంతకం రాదంట. అవన్నీ నేనే పెట్టినంట. ప్రేయర్ల చెప్పలేదు, క్లాసుల చెప్పలేదు. సార్ రూములకు పిలిచి చెప్పిండు. నా బదులు వంశీని రాసిన్రు. వానిది పదకొండో పేరు."

"నేను నిశాని ఏసిన గద!"

"గందుకే."

ముత్తమ్మ వచ్చి ఆమె ముందు కూర్చుంది.

"రాయమని కాగితం ఇయ్యలేదా?" అంది జ్యోత్స్న.

"ఇచ్చిండు."

"పెన్నియ్యలేదా?"

"ఇచ్చిండు."

"మరి రాయకపోయినవా అమ్మా."

"గట్టి రుజువు గావాలన్నడు బిడ్డా. నిశాని కన్న గట్టిది ఇంకేముంటది?"

జ్యోత్స్న కిందికి వంగింది. బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది. ముడి పడింది. గోటితో లాగింది. ముత్తమ్మ ఆ కాలును ఒళ్లోకి తీసుకొని పంటితో ముడి విప్పింది.

"నాలుగూ ఒక్కతీరుగ ఉండాల్నంట," అంది ముత్తమ్మ. "మనస్విని నాయిన సంతకం సూపెట్టిండు. మంచిగుంది."

"అది మనస్వినే పెడ్తది. వాళ్ల నాయినకు కార్డు సూసే టైమేడిది? గందుకే ఒక్కతీరుగ ఉంటయి."

"మరి సార్‌కు చెప్పకపోయినవా?"

"చెప్తే? అది నా పక్క బెంచీ. దానికి నేనే లెక్కలు చెప్త. దాని పేరు తీస్తే నా పేరు వస్తదా?"

పెంటయ్య వచ్చేసరికి ముత్తమ్మ పాత నోటుపుస్తకం వెనక పేజీలో తన పేరు రాస్తోంది. చాయ్ కాచిన పొయ్యి ఆరిపోయి ఉంది. ఆయన భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టాడు. బిడ్డ దగ్గర కూర్చొని విషయం విన్నాడు. లేచి పొయ్యి ముట్టించి బియ్యం కడిగాడు.

ముత్తమ్మ ఒక్కో అక్షరం రాసి పెన్ను ఎత్తుతోంది. ము. కొమ్ము కిందికి దిగకుండా చూసుకుంది. త. దాని కింద ఒత్తు. మ. దాని కింద ఒత్తు. పేజీలో పదిహేను వరుసలు వచ్చాయి. పేజీ తిప్పింది.

"సూడు," అని బిడ్డకు చూపించింది.

జ్యోత్స్న పుస్తకం తీసుకొని పైనుంచి కిందికి చూసింది.

"మంచిగనే ఉంది."

"తప్పులేమన్న ఉన్నయా?"

"లెవ్వు."

"రేపు పోయి సార్ ముంగటనే రాస్త. కండ్లతోని సూస్తడు గద."

"రేపటికి నాటు ఒడుస్తదా?"

"ఒడవది. సైదక్క తిడ్తది. తిట్టనీ."

గురువారం తల్లీబిడ్డా ఏడింటి బస్సు ఎక్కారు. బస్సు నిండా ఆడవాళ్లే. నిలబడే వచ్చారు. జ్యోత్స్న ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, ఇంకో చేత్తో సైన్సు పుస్తకం పట్టుకుంది. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు ముత్తమ్మ తిప్పింది.

ఎనిమిదిన్నరకు జ్యోత్స్న క్లాసుకు వెళ్లింది. ముత్తమ్మ ప్రిన్సిపాల్ గది ముందు నిలబడింది. తలుపు తీసే ఉంది. నాగేందర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆదివారం సూర్యాపేటకు పిల్లలను తీసుకెళ్లే బండి ఏడింటికే గేటు ముందు ఉండాలని అవతలి మనిషికి చెబుతున్నాడు. ముత్తమ్మను చూసి చేత్తో లోపలికి రమ్మన్నాడు.

"సార్, నిన్న తప్పు చేసిన. నాకు సంతకం పెట్ట వస్తది. మీ ముంగటనే పెడ్త, సూడండ్రి."

నాగేందర్ ఫోన్ మీద అరచెయ్యి పెట్టాడు.

"నువ్వే రావడం మంచిదైందమ్మా. కబురు చేద్దామనుకుంటున్నా." ఫైలు తెరిచి టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. కింద గీత దగ్గర వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ."

మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

ముత్తమ్మ ఈసారి కుర్చీలో కూర్చుంది. కాగితం నిండా ఇంగ్లీషు ఉంది. గీత పైన కొద్దిగా జాగా ఉంది. అది సరిపోతుందో లేదో పెన్ను అడ్డం పెట్టి చూసుకుంది. ము రాసింది. పెన్ను ఎత్తింది. త రాసి ఒత్తు ఇచ్చింది. మ రాసి ఒత్తు ఇచ్చింది. గీత దాటలేదు. కాగితాన్ని ఆయన వైపు తిప్పి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నాగేందర్ ఫోన్ పెట్టేసి కాగితం చూశాడు.

"బాగుంది," అన్నాడు. కింద స్టాంపు వేసి, తేదీ రాసి, మంగయ్యను పిలిచి ఇచ్చాడు. "ఎనిమిదో క్లాసు ఫైల్లో పెట్టు."

"ఇగ ఆదివారం పంపుతరా సార్?"

"లిస్టు నిన్న సాయంత్రమే సూర్యాపేట వెళ్లిపోయిందమ్మా. ఇంక నా చేతుల్లో లేదు. నువ్విది ఇచ్చావు కాబట్టి ఇంతటితో సరి. టీసీలో ఏమీ రాయం. చక్కగా చదువుకోనివ్వు."

"సంతకం నాదే అని తెలిసింది గద సార్."

"తెలిసిందమ్మా. అందుకే కదా తీసుకున్నది."

ఫోన్ మళ్లీ మోగింది.

సుమిత్ర హాజరు పట్టీలు పట్టుకొని వరండాలో వస్తోంది. మంగయ్య చేతిలో కాగితం చూసి ఆగింది. కింద ఉన్న పేరు చదివింది.

"ఇదెవరు పెట్టిన్రు?"

"గామెనే మేడం. ఇప్పుడే, సార్ ముంగట."

సుమిత్ర ఆ కాగితం తీసుకొని గదిలోకి వచ్చింది.

"సార్, ఆమె సంతకం పెట్టింది."

"అవును మేడం. అండర్‌టేకింగ్ పెట్టించాను. ఫైల్ క్లియర్."

"అది కాదు సార్. ఆమె రాసింది. ఒత్తులు చూడండి. నాలుగో డబ్బాలో ఉన్నది, ఇది..."

నాగేందర్ ఫోన్ చెవికి ఆనించి, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఎత్తాడు. బండి గురించి మాట్లాడాడు. నిమిషం దాటింది. ప్రార్థన బెల్లు కొట్టారు. ఆయన ఫోన్ పెట్టేసి, కోటు బటన్ పెట్టుకుంటూ బయటికి వెళ్లాడు.

గదిలో ఇద్దరు మిగిలారు.

"మేడం, అండ్ల ఏం రాసుంది?" అంది ముత్తమ్మ.

సుమిత్ర కాగితం మొత్తం మరోసారి చదివింది.

"కార్డు మీది సంతకాలు నీ బిడ్డ పెట్టిందని రాసుంది. అది నీకు ఇప్పుడే తెలిసిందని. ఇంకోసారి గిట్ల జరగకుండ చూస్తనని."

"ఎవలు రాసిన్రు గట్ల?"

"నువ్వు రాసిచ్చినట్టు ఉంది."

"నేను గట్ల అనలే గద మేడం."

"సంతకం నీదే గద ముత్తమ్మా."

ముత్తమ్మ కాగితం వైపు చూసింది. చెయ్యి చాపింది. సుమిత్ర ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. తలుపు దగ్గర మంగయ్య ఫైలు తెరిచి పట్టుకొని ఉన్నాడు. సుమిత్ర కాగితాన్ని అందులో పెట్టింది.

"ప్రార్థన అయినంక సార్‌తో మల్ల మాట్లాడుత," అంది.

వరండాలో ఎనిమిదో క్లాసు ఆడపిల్లల వరుస వెళుతోంది. జ్యోత్స్న చివరి నుంచి మూడో పిల్ల. తల్లిని చూసి నడక తగ్గించింది. వెనక పిల్ల ఆమె భుజానికి తగిలింది.

"పెట్టినవా?" అంది జ్యోత్స్న గొంతు తగ్గించి.

"పెట్టిన."

"ఒత్తులు?"

"రెండూ పెట్టిన."

జ్యోత్స్న తల ఊపింది. వరుస ముందుకు జరిగింది.

సుమిత్ర ఆ రోజు రెండుసార్లు, శుక్రవారం ఒకసారి ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. శుక్రవారం మధ్యాహ్నం సూర్యాపేటకు ఫోన్ చేసింది. జాబితాలో మార్పులు తీసుకోవడం బుధవారంతో ముగిసిందని చెప్పారు.

ఆదివారం ఉదయం ఏడింటికి బండి మిర్యాలగూడలో స్కూల్ గేటు దగ్గర బయలుదేరింది. పరీక్ష పది గంటలకు మొదలై ఒంటిగంటకు ముగిసింది. ఆ స్కూల్ నుంచి పది మంది రాశారు. హాజరు పట్టీలో పదో పేరు వంశీ.